చిన్న బొమ్మకు చివరి పూత

రంగులు వేసిన చిన్న బొమ్మకు, అది విమానం నమూనా అయినా, పురాణ పాత్ర అయినా, పల్లెవెలుగు బస్సు నమూనా అయినా, పని ముగిసేముందు రెండు మెట్లు మిగిలి ఉంటాయి. కుంచెకు లొంగనంత సన్నటి అక్షరాలను, గుర్తులను, గీతలను డెకాల్‌గా అంటించడం మొదటిది. ఆ అంటించినదాన్ని, దాని కింది రంగును కాపాడేలా వార్నిష్ వేయడం రెండోది. ఈ రెండు పనుల మీద పుస్తకాలకూ సీసాల మీది సూచనలకూ లోటు లేదు. కానీ వాటిలో చాలా భాగం చలిదేశాల గదుల్లో, ఇరవై డిగ్రీల వేడి చుట్టూ తిరిగే వాతావరణంలో కుదిరిన అనుభవాలు. అవే సూచనలను నంద్యాల ఎండకూ ఆళ్లగడ్డ దుమ్ముకూ తెచ్చి పెడితే ఎన్ని నిలుస్తాయి, ఎన్ని రాలిపోతాయి అన్నది విడిగా ఆలోచించవలసిన ప్రశ్న. ఈ వ్యాసం వాదన ఇది: చివరి పూతను దాని మెరుపును చూసి ఎంచుకునే అలవాటు మానాలి. అడుగున ఏ పదార్థం ఉంది, బొమ్మ ఎంత వేడిలో బతుకుతుంది, ఎవరి చేతులు తగులుతాయి, పూత పాడైతే కింది రంగు చెడకుండా దాన్ని తీయగలమా అనే నాలుగు ప్రశ్నలకు జవాబు దొరికాకే సీసా మూత తీయాలి. అంటే చివరి పూత నిర్ణయం నిజానికి మొదటి రంగు కంటే ముందు జరగాలి.

ఈ చర్చకు ఆళ్లగడ్డ తగిన చోటు. నంద్యాల నుంచి కడప వైపు వెళ్లే దారిలో, అహోబిలం యాత్రికులు దాటిపోయే ఈ ఊరు రాతి శిల్పాలకు పేరు పొందింది. ఆళ్లగడ్డ శిల్పకళకు భౌగోళిక సూచిక గుర్తింపు కూడా ఉంది. నల్లరాతి విగ్రహానికి చివరి పని ఏమిటో గమనిస్తే ఒక స్పష్టమైన సూత్రం కనిపిస్తుంది. ముతక రాపిడి రాయితో మొదలుపెట్టి, నీళ్లు పోస్తూ, అంతకంతకూ నున్నని రాళ్లతో రుద్దుతారు. ఆ తర్వాత నూనె పట్టిస్తే బూడిద రంగుగా ఉన్న రాయి నల్లగా నిగారిస్తుంది. ఈ నిగారింపు పైనుంచి తెచ్చి వేసిన పొరది కాదు, రాతి ముఖానిదే. పేరు రాయాలంటే చెక్కుతారు, కావాలంటే ఆ గాడిలో రంగు నింపుతారు. ఊడిపోవడానికి అక్కడ పొర అనేదే లేదు. గుడిలో నిలిచే విగ్రహానికి నీళ్లు, పాలు, పెరుగు, తేనె, నూనె, పసుపు ఏళ్ల తరబడి తగులుతూనే ఉంటాయి. ఏ వార్నిష్ అయినా ఆ తాకిడికి తెల్లబారుతుంది, లేస్తుంది, అంచుల్లో మురికి పట్టిస్తుంది. నూనె అయితే తగ్గినప్పుడు మళ్లీ పట్టించవచ్చు. శిల్పి ఎంచుకున్న ముగింపు ఆ వస్తువు గడపబోయే జీవితానికి సరిపోయింది. రంగు బొమ్మల వాళ్లు ఆళ్లగడ్డ నుంచి నేర్చుకోవలసింది నూనె పట్టించడం కాదు, ఈ లెక్క.

రంగు బొమ్మల తెలుగు సంప్రదాయాలు కూడా ఇదే లెక్కను వేర్వేరుగా వేశాయి. ఏటికొప్పాకలో అంకుడు కర్రను లేత్ మీద తిప్పుతూ రంగు కలిపిన లక్కను దానికి ఒత్తుతారు. రాపిడికి పుట్టిన వేడికే లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది. మొగలి ఆకుతో రుద్దితే మెరుగు వస్తుంది. అక్కడ రంగూ వార్నిషూ ఒకటే పొర. ఈ పద్ధతిలో సహజ రంగులను నిలబెట్టిన చింతలపాటి వెంకటపతిరాజుకు 2023లో పద్మశ్రీ దక్కింది. కొండపల్లిది వేరే దారి. తేలికైన తెల్ల పొణికి కర్రతో విడి భాగాలు చెక్కి, చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికి, సున్నపు పూత వేసి, ఆపైన రంగులు దిద్దుతారు. నిర్మల్ కళాకారులు కూడా పొణికి కర్రనే వాడుతూ, తర్వాతి కాలంలో డ్యూకో రంగులకు మారి, పైన వార్నిష్‌తో ముగించే పద్ధతికి వచ్చారు. ఇరవయ్యో శతాబ్దం మూడో దశకంలో అమెరికా కార్ల కర్మాగారాల కోసం పుట్టిన నైట్రోసెల్యులోజ్ రంగు ఆదిలాబాద్ అడవుల అంచున బొమ్మకు ఎక్కిందంటే, కొత్త పూతల విషయంలో మన కళాకారులకు పట్టింపులు లేవన్నమాట. అయితే ఈ మూడు చోట్లా ఒక తేడా గుర్తుపెట్టుకోవాలి. లక్క బొమ్మలో పొర కర్రతో కలిసి వస్తుంది. కొండపల్లి, నిర్మల్ బొమ్మల్లో కర్ర, మక్కు, సున్నం, రంగు, వార్నిష్ అనే అయిదు వేర్వేరు స్వభావాలు ఒకదానిమీద ఒకటి కూర్చుంటాయి. ప్లాస్టిక్ లేదా రెజిన్ మోడల్ ఈ రెండో జాతికి చెందింది, పైగా అందులో ఇంకో పొర ఉంది. అదే డెకాల్.

డెకాల్ పని తీరు తెలిస్తే సగం చిక్కులు వాటంతట అవే విడిపోతాయి. నీటిలో జారే డెకాల్‌లో కింద కాగితం, దాని మీద పిండి జాతి జిగురు, ఆపైన పారదర్శకమైన పలుచటి పొర, ఆ పొర మీద సిరా ఉంటాయి. కొన్ని క్షణాలు నీటిలో ఉంచితే జిగురు కరిగి, పొర కాగితాన్ని వదిలి జారుతుంది. దాన్ని బొమ్మ మీదికి జరిపి, నీటిని అద్ది తీసేస్తే మిగిలిన జిగురు పట్టుకుంటుంది. సైకిల్ ఫ్రేముల మీద కంపెనీ పేర్లు ఈ రకం ట్రాన్స్‌ఫర్లతో వేసి పైన క్లియర్ లక్కర్ కొట్టడం మన దేశంలో ఎరిగిన పద్ధతే. మోడల్ మీద ఇది బెడిసికొట్టే చోటు ఒకటుంది. మెరుపు లేని మ్యాట్ రంగు కంటికి నున్నగా ఉన్నా సూక్ష్మంగా గరుకు. ఆ గుంతల్లో గాలి చిక్కుకుంటుంది. పారదర్శక పొర కింద ఆ గాలి మీద పడిన వెలుగు చెదిరి, అక్షరాల చుట్టూ వెండి పొడి చల్లినట్టు కనిపిస్తుంది. ఎంత మంచి వార్నిష్ పైన వేసినా ఆ గాలి బయటికి రాదు. అందుకే డెకాల్‌కు ముందు మెరుపునిచ్చే గ్లాస్ పూత వేసి గుంతలు పూడ్చాలి, ఆ తర్వాతే అంటించాలి. వంపులకూ గాడులకూ అతుక్కోవడానికి రెండు రకాల ద్రవాలు వాడతారు: వెనిగర్ జాతి తేలికపాటి ఆమ్లం కలిసినది అడుగున, పొరనే మెత్తబరిచే సాల్వెంట్ కలిసినది పైన. ఆమ్లం విషయంలో ఈ ప్రాంతానికి ప్రత్యేకమైన జాగ్రత్త ఒకటి ఉంది. బేతంచెర్ల చుట్టుపక్కల దొరికే నాపరాయి సున్నపురాయి జాతిది. పాలరాయి కూడా అంతే. ఆ రాళ్లతో చేసిన చిన్న బొమ్మ మీద, పీఠం మీద ఈ ద్రవం నేరుగా తగిలితే మెరుగు చచ్చి మచ్చ మిగులుతుంది. రాతిని ప్రైమర్‌తో పూర్తిగా మూశాకే ఆ పని మొదలుపెట్టాలి.

తెలుగు అక్షరాలకు డెకాల్ ఎందుకు అవసరమో కొలతలే చెబుతాయి. డెబ్బై రెండో వంతు కొలతలో బస్సు నమూనా కట్టారనుకుందాం. పదిన్నర మీటర్ల బస్సు పదిహేను సెంటీమీటర్లకు కొంచెం తక్కువవుతుంది. ముందు బోర్డు మీద పదిహేను సెంటీమీటర్ల అక్షరం రెండు మిల్లీమీటర్లకు దిగుతుంది. పక్కన అయిదు సెంటీమీటర్లలో రాసిన హెచ్చరిక 0.7 మిల్లీమీటరు అవుతుంది. రోమన్ లిపి అయితే ఆ ఎత్తంతా అక్షరానికే దక్కుతుంది. తెలుగులో పైన గుడి, తలకట్టు, కింద ఒత్తు అదే ఎత్తును పంచుకోవాలి. నంద్యాల, ఆళ్లగడ్డ అన్న రెండు పేర్లలోనూ ఒత్తులున్నాయి. అంగుళానికి 600 చుక్కల ప్రింటర్ 0.7 మిల్లీమీటర్లలో పదహారు, పదిహేడు చుక్కలు మాత్రమే పెట్టగలదు. అందులో ఒత్తుకు నాలుగైదు చుక్కలు మిగలవచ్చు. కాబట్టి ఆ కొలతలో చదవగలిగే తెలుగు కావాలంటే గీత మందం సమానంగా ఉండే, సందులు వెడల్పుగా ఉండే ఫాంటునే ఎంచుకోవాలి. తయారైన కిట్లలో తెలుగు డెకాల్ దొరకడం అరుదు కనుక ఇంట్లోనో డీటీపీ కేంద్రంలోనో ముద్రించుకోవడమే దారి. ఇంక్‌జెట్ సిరా నీళ్లకు కరుగుతుంది, అందుకే ముద్రించిన షీటు మీద ముందు క్లియర్ స్ప్రే కొట్టి ఆరనివ్వాలి. లేజర్ ముద్రణకు ఆ బాధ లేదు. మామూలు ప్రింటర్లు తెల్ల రంగును ముద్రించలేవు కాబట్టి ముదురు రంగు మీద తెల్ల అక్షరాలు రావాలంటే తెల్ల డెకాల్ కాగితం తీసుకుని, అక్షరం వదిలి చుట్టూ నేపథ్య రంగును ముద్రించుకోవాలి. ఇక నీళ్లు. సున్నపురాయి నేలల్లో బోరు నీళ్లు గట్టివి. ఆరినచోట తెల్లటి ఉప్పు మరక వదులుతాయి, ఆ మరక డెకాల్ కింద ఉండిపోతే శాశ్వతం. బ్యాటరీ దుకాణంలో దొరికే డిస్టిల్డ్ వాటర్ సీసా ఒకటి తెచ్చుకుంటే ఈ చిక్కు తీరుతుంది.

వార్నిష్‌లలో తేడాలను గ్లాస్, శాటిన్, మ్యాట్ అనే మెరుపు వరుసలో చూపించడం దుకాణాల అలవాటు. మన్నికను నిర్ణయించేది ఆ వరుస కాదు, రెజిన్ జాతి. నూనె, ఆల్కిడ్ జాతి వార్నిష్‌లు గట్టివే కానీ కాలంతో పసుపు పచ్చబడతాయి. తెల్ల రంగు మీద, లేత చర్మపు రంగు మీద ఇది ముందుగా కనబడుతుంది. లక్క నుంచి చేసే షెల్లాక్ ఆల్కహాల్‌లో కరుగుతుంది, త్వరగా ఆరుతుంది, తడి తగిలితే తెల్లబారుతుంది. నైట్రోసెల్యులోజ్ లక్కర్ అద్దంలా పరుచుకుంటుంది, కానీ అందులోని సాల్వెంటు కింద ఉన్న ఎనామిల్ రంగును లేపి ముడతలు పుట్టిస్తుంది. బలమైన సాల్వెంటు పొరలు కింద, తేలికపాటి సాల్వెంటువి పైన అనే వరుస తప్పితే ఏ కంపెనీ సీసా అయినా బొమ్మను కాపాడలేదు. నీటి ఆధారిత యాక్రిలిక్‌లు పసుపెక్కవు, వాసన తక్కువ, నేడు మోడళ్లు చేసేవాళ్లలో చాలామంది వాడేవి అవే. మ్యాట్ వార్నిష్‌కు మెరుపు తగ్గడం అందులో కలిపిన సిలికా రేణువుల వల్ల. ఆ రేణువులు సీసా అడుగుకు దిగుతాయి. బాగా కలపకపోతే పైపై ద్రవం మెరుస్తుంది, అడుగున ఉన్నది బూడిద చల్లినట్టు ఆరుతుంది. వెలుగును చెదరగొట్టడమే దాని పని కనుక మ్యాట్ పూత కింద నలుపు కొంత వెలిసినట్టూ, బంగారు వెండి రంగులు చచ్చినట్టూ కనబడతాయి. ఆ భాగాలకు పని చివర విడిగా గ్లాస్ దిద్దడం ఇందుకే.

ఇప్పుడు అసలు పరీక్షకు, అంటే వాతావరణానికి వద్దాం. నంద్యాలలో వేసవి పగలు 45 డిగ్రీలు తాకడం కొత్త కాదు. ఆ ఎండలో స్ప్రే కొడితే తుంపర బొమ్మను చేరకముందే సగం ఆరిపోతుంది. పరుచుకోవలసిన వార్నిష్ పొడిలా పడి ఉపరితలం గరుకవుతుంది. కుంచెతో వేసే యాక్రిలిక్ రెండో గీత గీసేలోపే బిగుసుకుని చారలు మిగులుస్తుంది. వానాకాలంలో చిక్కు తలకిందులవుతుంది. వేగంగా ఆవిరయ్యే సాల్వెంటు ఉపరితలాన్ని చల్లబరుస్తుంది, గాలిలోని తేమ ఆ చల్లదనానికి నీరుగా చేరి పూతలో చిక్కుతుంది, బొమ్మ పాలు పోసినట్టు తెల్లబారుతుంది. ఈ రెంటికీ విరుగుళ్లు తెలిసినవే. వేసవిలో తెల్లవారుజామున పని చేయడం, ఆరే వేగాన్ని తగ్గించే రిటార్డర్ చుక్క కలపడం, స్ప్రే దూరం తగ్గించడం. వానల్లో ముసురు రోజును వదిలేయడం లేదా కుంచె పూతకు మారడం. పూత వేసే రోజుకు సంబంధించిన ఈ చిక్కులను సూచన పుస్తకాలు కొంతైనా చెబుతాయి. పూత వేసిన తర్వాత బొమ్మ గడిపే వేసవుల గురించి మాత్రం అవి పెద్దగా మాట్లాడవు.

వాదనకు కీలకం అక్కడే ఉంది. ప్రతి రెజిన్‌కూ ఒక మెత్తబడే ఉష్ణోగ్రత ఉంటుంది. ఆ గీతకు దిగువన అది గాజులా గట్టిది, ఎగువన రబ్బరులా మెత్తనిది. ప్రపంచమంతటా మ్యూజియంలు అమితంగా నమ్మే ప్యారలాయిడ్ బి-72 అనే యాక్రిలిక్ రెజిన్‌కు ఆ గీత 40 డిగ్రీల దగ్గర ఉంది. పసుపెక్కదు, దశాబ్దాల తర్వాత కూడా అసిటోన్‌తో కరిగి వస్తుంది కనుక అది ఆదర్శ పూతగా పేరుపడింది. ఏసీ గదిలో ఆ పేరు న్యాయమైనదే. నంద్యాల మే నెలలో, రేకుల కప్పు కింద అల్మరాలో, అదే పూత తన గీతను రోజూ దాటుతుంది. మెత్తబడిన పొర దుమ్మును పట్టుకుంటుంది, రాత్రి చల్లబడగానే ఆ దుమ్ముతో సహా గట్టిపడుతుంది. అదే కుటుంబంలోని బి-44 గీత 60 డిగ్రీల దగ్గర ఉంది. ఎండ ప్రాంతాలకు ఆ తేడా ప్రాణం లాంటిది. నీటి ఆధారిత యాక్రిలిక్‌లలో సమస్య ఇంకొంచెం లోతు. వాటి రెజిన్ నీళ్లలో రేణువులుగా తేలుతుంది. మామూలు గది వేడిలోనే ఆ రేణువులు ఒకదానికొకటి కలిసిపోయి పొరగా మారాలంటే రెజిన్ స్వభావరీత్యా కొంత మెత్తనిదై ఉండాలి. చలిదేశంలో గుణమైనదే ఎండదేశంలో బలహీనత అవుతుంది. దీనికి సాక్ష్యం తెలుగిళ్లలోనే ఉంది. బొమ్మల కొలువు ముగిశాక పాత దినపత్రికల్లో చుట్టి పెట్టెలో పెట్టిన బొమ్మలకు మరుసటి ఏడు తీసేసరికి కాగితం అంటుకుని, అచ్చు అక్షరాలు తిరగబడి దిగి ఉండడం చాలామంది గృహిణులు ఎరిగిన నష్టం. దాన్ని రంగు నాణ్యత లోపం అనుకుంటాం. వేసవి వేడికి పూత మెత్తబడి, బరువు కింద కాగితాన్ని పట్టుకోవడమే అసలు కారణం కావచ్చు.

ఈ కోణం నుంచి చూస్తే మోడలర్ల మధ్య నడిచే గ్లాస్, మ్యాట్ తగాదా కొత్త అర్థం తెచ్చుకుంటుంది. మ్యాట్ అంటే సహజత్వం కోసమనీ, గ్లాస్ అంటే మెరుపు కోసమనీ ఆ తగాదా సాగుతుంది. నిజానికి మ్యాట్ పూతలోని సిలికా రేణువులు ఉపరితలాన్ని కొద్దిగా ఎత్తుపల్లాలుగా ఉంచి, కాగితమో వేలో పూర్తిగా అతుక్కోకుండా అడ్డుపడతాయి. గ్లాస్ పొర గట్టిది కానీ వేడిలో అతుక్కునే ముఖం దానిదే. కాబట్టి డెకాల్‌కు కిందా పైనా గ్లాస్, చివరగా పలుచటి శాటిన్ లేదా మ్యాట్ అనే వరుస మన ఎండకు అందం కోసం కాకున్నా అవసరమే. బొమ్మ నిగనిగలాడాలన్న కోరిక ఉంటే గట్టి రెజిన్ ఎంచుకోవాలి, కాగితంలో కాక ఉతికిన నూలుగుడ్డలో, ఒకదానిమీద ఒకటి బరువు పడకుండా దాచుకోవాలి.

ఈ వాదనకు ఎదురయ్యే మొదటి అభ్యంతరం మూలాన్నే ప్రశ్నిస్తుంది. ఇన్ని చిక్కులున్నప్పుడు వార్నిష్ అసలు ఎందుకు, రంగును రంగుగా వదిలేస్తే పోలేదా అని. ఇందులో సగం నిజం ఉంది. గాజు పెట్టెలో ఉండే, ఎవరి చేతులూ తగలని బొమ్మకు వార్నిష్ లేకపోతే పెద్ద నష్టం లేదు. రాతి బొమ్మకైతే పొర కట్టే వార్నిష్ వద్దనడమే మంచిది. లోపలికి చేరిన తేమ, దానితో కదిలే లవణాలు బయటికి వచ్చే దారి మూసుకుపోయి పూతనే నెట్టి పెంకులుగా రాలుస్తాయి. కానీ డెకాల్ అంటించిన బొమ్మకు ఈ మినహాయింపు లేదు. ఆరిన పొర అంచు ఎప్పుడూ లేవడానికి సిద్ధంగా ఉంటుంది, కింద ఉన్న జిగురు తేమకు మళ్లీ మెత్తబడుతుంది. చేతి చెమట, నూనె, అల్మరా తుడిచే తడిగుడ్డ దానికి చాలు. డెకాల్ వేయాలని నిర్ణయించిన క్షణంలోనే వార్నిష్‌కు కూడా ఒప్పుకున్నట్టు.

రెండో అభ్యంతరం వ్యతిరేక దిశ నుంచి వస్తుంది. మెత్తబడడమే సమస్య అయితే బండ్ల పెయింటింగ్ షాపుల్లో వాడే, గట్టిపడే ద్రవం కలిపి కొట్టే రెండు భాగాల పాలీయురెథేన్ క్లియర్ వేస్తే సరిపోతుంది కదా, ఎండకూ వానకూ కార్లే తట్టుకుంటున్నాయి కదా అని. ఆ పూత గట్టిదనంలో సందేహం లేదు. అయితే మూడు విషయాలు తూచాలి. గట్టిపడే ద్రవంలోని ఐసోసైనేట్‌లు ఊపిరితిత్తులకు హానికరం, ఒకసారి పడని తత్వం ఏర్పడితే తర్వాత కొద్ది మోతాదు కూడా ఉబ్బసం తెప్పించగలదు. ఇంట్లో, మూసిన గదిలో, గుడ్డ ముక్క ముక్కుకు కట్టుకుని చేసే పని కాదది. రెండోది, దాని సాల్వెంట్లు డెకాల్‌ను, కింది రంగును కరిగించగల బలమైనవి. మూడోది అన్నింటికంటే ముఖ్యం: ఒకసారి బిగిసిన ఆ పొర మళ్లీ కరగదు. కారు పాతబడితే గీకి మళ్లీ రంగు కొడతాం. నెలల తరబడి కూర్చుని దిద్దిన బొమ్మను గీకలేం. ఇరవై ఏళ్ల తర్వాత పూత పగిలితే బాగు చేయడానికి దారి మూసేసినట్టే. కింది రంగును తాకని సాల్వెంటుతో పై పూత తీయగలగడం మ్యూజియం సంరక్షకులు పాటించే నియమం. అది చిన్న బొమ్మకు కూడా వర్తిస్తుంది. వేడికి తట్టుకోవడం, తీయగలగడం అనే రెండు గుణాలూ కావాలంటే బి-44 లాంటి గట్టి యాక్రిలిక్ జాతి దిక్కున వెతకాలి, అది కూడా కింది రంగు దాని సాల్వెంటుకు కరగదని ముందే రుజువు చేసుకున్నాకే.

మూడో అభ్యంతరం కళాకారుల పక్షం నుంచి, గౌరవంతో వినవలసినది. చేతి గీతలోనే విలువ ఉంది, డెకాల్ యంత్రపు నకలు, దాన్ని ప్రోత్సహిస్తే కొండపల్లి కన్ను దిద్దే చేయి, ఆళ్లగడ్డ ఉలి విలువ తగ్గుతాయి అని. కన్ను, కనుబొమ, పెదవి, చీర అంచు లాంటివి చేతి పని కాబట్టే బొమ్మకు ప్రాణం. అక్కడ డెకాల్ పెట్టడం నిజంగానే మోసం, భౌగోళిక సూచిక పేరుతో అమ్మే వస్తువు మీదైతే కొనేవాడికి చేసిన అన్యాయం కూడా. కానీ బస్సు నంబరు, విమానం రెక్క మీది గుర్తు, పీఠం మీద తయారీ వివరం చేతి నైపుణ్యాన్ని చూపే చోట్లు కావు. అసలు వస్తువు మీద కూడా అవి అచ్చు పోసినవో స్టెన్సిల్ వేసినవో. అసలులో యాంత్రికంగా ఉన్నదాన్ని నమూనాలో యాంత్రికంగా వేయడం నిజాయితీయే. ఏది చేతికి చెందాలి, ఏది డెకాల్‌కు చెందాలి అన్న గీతను ఇలా గీస్తే రెండూ ఒకదాన్నొకటి తినవు. పేరును రాతిలో చెక్కగల ఊళ్లో పీఠం రాతిదైతే డెకాల్ వెతకడం మరీ వింత. అక్కడ ఉలిదే పైచేయి.

నాలుగోది క్షేమానికి సంబంధించినది. పిల్లలు ఆడుకునే బొమ్మకు పూత నోటిలోకి వెళ్లే పదార్థమే. గృహాలంకరణ రంగుల్లో సీసం పదిలక్షల్లో 90 వంతులకు మించరాదన్న నియమాలు 2016లో వచ్చి, 2017 నవంబరు నుంచి అమలులో ఉన్నాయి. ఆటబొమ్మలకు నాణ్యతా ముద్ర తప్పనిసరి చేసిన ఆదేశం 2021 జనవరి 1 నుంచి అమలైంది. నమోదైన హస్తకళాకారులకు, భౌగోళిక సూచిక కలిగిన బొమ్మలకు అందులో మినహాయింపు ఇచ్చారు. మినహాయింపు చట్టం నుంచే కానీ బిడ్డ కడుపు నుంచి కాదు. ఏ రంగు, ఏ వార్నిష్ అని కళాకారుడు తానే తెలుసుకుని వాడవలసిన బాధ్యత ఆ మినహాయింపుతో పెరిగింది. నిమజ్జనానికి వెళ్లే మట్టి వినాయకుడికి అయితే చర్చే అక్కర్లేదు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020 మార్గదర్శకాలు సహజ పదార్థాలవైపే నడిపిస్తాయి. నీటిలో కరగాలని చేసిన వస్తువుకు నీటిని ఆపే పొర వేయడం దాని ఉద్దేశానికే విరుద్ధం.

ఈ సమీక్ష నుంచి ఈ ప్రాంతానికి పనికివచ్చే క్రమం ఒకటి తేలుతుంది. ముందు అడుగు పదార్థాన్ని చూడాలి. నల్లరాయి అయితే మెరుగు, నూనె, చెక్కిన అక్షరం, వార్నిష్ వద్దు. సున్నపురాయి, పాలరాయి అయితే ఆమ్లపు ద్రవాలను దూరంగా ఉంచాలి. కర్ర అయితే అది పూర్తిగా ఎండాకే, మక్కు ఆరాకే రంగు వేయాలి. ప్లాస్టిక్, రెజిన్ అయితే ప్రైమర్, రంగు, గ్లాస్, డెకాల్, మళ్లీ గ్లాస్, చివరన మ్యాట్ లేదా శాటిన్, ప్రతి పొర మధ్యా వేలికి ఆరడం కాక లోపలిదాకా ఆరేంత వ్యవధి. తర్వాత, అదే పదార్థం ముక్క మీద అదే వరుసలో వేసి, మే నెలలో రేకుల కింద కొన్ని వారాలు ఉంచి, మీద కాగితం పెట్టి బరువు ఉంచి చూడాలి. కాగితం ఊడివస్తే ఆ పూత ఈ నేలకు పనికివచ్చినట్టు. సీసా మీది మాట కంటే ఈ ముక్క సాక్ష్యం నమ్మదగినది. చివరగా, ఏ రంగు, ఏ వార్నిష్, ఏ నెలలో వేశారో పీఠం అడుగున రెండు ముక్కల్లో రాసిపెట్టాలి. రేపు బాగు చేసేవాడికి అంతకంటే విలువైన సహాయం లేదు.

ఈ పనిలో వ్యక్తుల ఓపికకు మించి సంస్థల పాత్ర ఉంది. హస్తకళల శిక్షణ ఇచ్చే కేంద్రాలు చెక్కడం, దిద్దడం నేర్పినంత శ్రద్ధగా చివరి పూతను నేర్పవు. కళాకారుడు దుకాణదారు చెప్పినదే కొంటాడు, దుకాణదారు ఎక్కువ మెరిసేదాన్నే అమ్ముతాడు. నంద్యాల జిల్లా 2022లో కొత్తగా ఏర్పడింది. ఆళ్లగడ్డ శిల్పులు, జిల్లాలోని కళాశాలల రసాయన శాస్త్ర విభాగాలు కలిస్తే ఎండకు తగిన పూతల మీద తెలుగులో ఒక చిన్న కరపత్రం తీసుకురావడానికి పెద్ద నిధులు అక్కర్లేదు. కొన్ని రాతి ముక్కలు, కర్ర ముక్కలు, ప్లాస్టిక్ ముక్కలు, మార్కెట్లో దొరికే పది రకాల వార్నిష్‌లు, రెండు వేసవులు చాలు. అలాంటి కరపత్రం వచ్చేదాకా తీర్పు ఇది: ఈ ఎండలో నిలిచేదీ, చెడితే తీయగలిగేదీ అయిన పూతే మంచి పూత. ఆ రెండిటిలో ఏ ఒక్కటి లేకపోయినా, ఎంత మెరిసినా, దాన్ని బొమ్మ మీద వేయవద్దు.